గింజ తినని కాపలాదారు

ఆ కుండేగా? అవునమ్మాయ్, ఇంకా అక్కడే ఉంది, పొయ్యి పక్కన. తియ్యలా నేను. మీ నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది, మందిరం కోసమని. పొద్దున ఒక పిడికెడు, మాపటికి ఒక పిడికెడు. ఇప్పుడు నేను వేస్తన్నా. నా పిడికిలి పెద్దది, ఆమెదైతే ఇంతే ఉండేది. ఒక్కడివి వండుకునే దాంట్లో పిడికెడు తీస్తే నీకేం మిగులుద్ది అనబోకు. మిగులుద్దిలే.

ఆ బియ్యమంతా సంఘంలో ఎవరో ఒకరింట్లో పోస్తే పోద్ది గదా, ఇంటికొక కుండ దేనికి అని అడిగావు చూడు. నేనూ అదే అడిగా ఆమెని, పెళ్ళైన కొత్తల్లో. అడిగితే కోడి దీనమ్మ కథ చెప్పింది. ఫోను చెవి దగ్గర పెట్టుకో, చెప్తా.

పొగాకు చేల మధ్యన ఒక తాటాకు పాక ఉండేది. అందులో జంతువులు ఆదివారం ఆదివారం కూడుకునేవి. మొదట్లో ముగ్గురే. ప్రార్థన చెప్పేవాడు ఎద్దు ఓబేదు, పాట ఎత్తుకునేది గొర్రె ఎస్తేరమ్మ, పాక ఊడ్చేది కోడి దీనమ్మ. ముగ్గురికి పాక పెద్దదే. తర్వాత మేకలొచ్చాయి, బాతులొచ్చాయి, పావురాలొచ్చి దూలం మీద కూచున్నాయి, ఊరి చివర్నించి పంది రూబేను కుటుంబంతో సహా వచ్చాడు. సగం మంది ఎండలో నిలబడాల్సొచ్చింది. వాన పడితే లోపలున్నోళ్ళూ బయటున్నోళ్ళూ ఒకటే, అంతా తడిసేవాళ్ళు.

"మందిరం కట్టాలి," అన్నాడు పుంజు దేవసహాయం. ఆయన సంఘం పెద్ద. ఎవరు పెట్టారని అడగబోకు, గట్టిగా అరిచేది ఆయనొక్కడే, అందుకని ఆయనే పెద్ద.

"కడితే తలుపు వెడల్పుగా పెట్టండి," అన్నాడు ఎద్దు.

"కప్పు ఎత్తుగా ఉండాలి," అన్నాయి పావురాలు.

"బాప్తిస్మం తొట్టి లోతుగా తవ్వాలండోయ్," అంది బాతు శాంతమ్మ. "మోకాళ్ళ లోతు నీళ్ళలో ముంచితే అదేం బాప్తిస్మం?"

"నాదొకటే అడగటం," అన్నాడు పంది రూబేను, వెనకాల్నించి. "మమ్మల్ని లోపల కూచోనిస్తారా, అప్పుడూ గుమ్మం దగ్గరేనా?"

ఆ ప్రశ్న ఎవరికీ వినబడలా. చెవులున్నోళ్ళంతా చెవులు దులుపుకున్నారు.

"అవన్నీ తర్వాత," అన్నాడు పుంజు. "ముందు పునాది రాయి. రాయి మీద పేర్లు. మొదటి పేరు ఎవరిదో తేలితే మిగతాది దానంతటదే కట్టుకుంటది."

దీనమ్మ ఒక మూల నుంచి అంది, "రాయి మీదకి పేర్లు ఇప్పుడే దేనికి పెద్దాయనా? మేత దొరికినప్పుడల్లా తలా నాలుగు గింజలు పక్కన పెడదాం. ఏడాది తిరిగేసరికి మందిరానికి సరిపోద్ది." అందరికీ నచ్చింది. ఎందుకంటే నాలుగు గింజలేగా, కష్టం లేదు. అట్టా మొదలైంది పిడికెడు గింజల పద్ధతి.

ఆ నెల్లోనే నక్క వచ్చాడు.

తెల్ల తుండుగుడ్డ ఒకటి మెళ్ళో వేసుకొని, తల వంచుకొని, పాక బయట నిలబడ్డాడు. కోళ్ళు లేచి దూలాలెక్కాయి. నక్క అక్కడే కూలబడి ఏడవటం మొదలుపెట్టాడు.

"సాక్ష్యం చెప్పుకోటానికొచ్చా," అన్నాడు. "నేను పాపిని. మీ గూళ్ళలో దూరినోణ్ణి. ఈ నోటితో ఎన్ని ప్రాణాలు తీశానో లెక్కలేదు."

"స్తోత్రం!" అన్నాడు పుంజు.

"గుడ్లు తాగాను. పిల్లల్ని ఎత్తుకుపోయాను."

"స్తోత్రం, స్తోత్రం!" అన్నారందరూ. అంత మంచి సాక్ష్యం ఆ పాకలో ఎవరూ చెప్పలా. అప్పటిదాకా మేక చెప్పిందే పెద్దది, పక్క చేలో కంది తిన్న సంగతి.

"దీనమ్మగారి పెద్దకొడుకుని కూడా నేనే..." అని నక్క తుండుగుడ్డలో మొహం పెట్టుకున్నాడు.

సంఘమంతా దీనమ్మ వంక తిరిగింది. ఆ కొడుకు గురించి ఆమె ఎనిమిది నెలలు ఏడ్చింది. ఇప్పుడు వీళ్ళంతా ఆమె నోటి వంకే చూస్తన్నారు, పాట ఎప్పుడెత్తుకుందామా అని. ఏం చేస్తది పాపం? "క్షమించా," అంది. హల్లెలూయా కేకలకి పాక ఎగిరిపోయినంత పనైంది. పుంజు అయితే మెడ సాగదీసి కూశాడు, పట్టపగలు.

ఇక చూడు, నక్క సాక్ష్యం వినటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. నక్క సహోదరుడు, నక్క సహోదరుడు అని పిలవటం. ఆయన రోజుకొకటి కొత్త పాపం గుర్తు తెచ్చుకొని చెప్పేవాడు. సంఘం రెండింతలయింది.

గింజలూ పెరిగాయి. పాకలో కుండ నిండి పక్కన పోశారు, వానకి మొలకలొచ్చాయి. ఎవరి దగ్గర పెట్టాలా అని కూచున్నారు.

"నా దగ్గర పెట్టండి," అంది మేక.

"నీ దగ్గర పెడితే కుండ కూడా మిగలదు," అన్నాడు ఓబేదు.

"నీ దగ్గరో?"

"నాకు పొట్ట పెద్దది. నన్ను నేనే నమ్మను."

"పావురాలో?"

"ఒకటి కాపలా కాస్తది, తొంభై తింటాయి," అంది గొర్రె.

రూబేను నోరు తెరవబోయాడు, ఎస్తేరమ్మ పాట ఎత్తుకుంది.

అప్పుడు పుంజు లేచి రెక్కలు టపటపా కొట్టాడు. "తెలివున్నోళ్ళు ఎట్టా ఆలోచించాలో నేను చెప్తా వినండి. మనందరికీ గింజ మీద ఆశుంది. ఆశ లేనోడు ఎవరు? గింజ ముట్టనోడు ఎవరు మన సంఘంలో?"

అందరి తలలూ ఒకేసారి నక్క వైపు తిరిగాయి.

"అయ్యో, నాకెందుకండీ అంత బాధ్యత," అన్నాడు నక్క. "నేను పాపిని."

"ఆ మాట చాలు!" అన్నాడు పుంజు. "ఆ తగ్గింపు చూడండి!"

నక్క వద్దు వద్దంటానే ఒప్పుకున్నాడు. ఒప్పుకొని ఒక మాటన్నాడు. "పాక కురుస్తంది గదా, పొగాకు ఆరబెట్టే బ్యారను కొట్టొకటి పాడుబడి ఉంది చూడండి చేల చివర, అందులో పోద్దాం. ఇటుక గోడలు. ఒకటే తలుపు, కిటికీ లేదు. నన్నడిగితే మన మందిరం కూడా అట్టానే కట్టుకోవాలి. కిటికీలుంటే ప్రార్థనలో చూపు బయటికి పోద్ది. ఇంకోటి, గింజలు తెచ్చేవాళ్ళు గుంపుగా రాబోకండి. శనివారం మధ్యాహ్నం ఒక్కొక్కరే రండి. ఇచ్చేది చాటుగా ఇస్తేనే పుణ్యం."

ఎంత భక్తి అని మెచ్చుకున్నారు.

మొదటి శనివారం బాతు శాంతమ్మ గింజలు తీసుకెళ్ళింది. ఆదివారం పాకకి రాలా.

"కాలవ అవతల సంఘంలో కలిసిందంట," అన్నాడు నక్క, బాధగా. "అక్కడ నిలువెత్తు నీళ్ళలో ముంచుతారంట. దారిలో నాకు కనపడి చెప్పి పోయింది."

"అనుకున్నా!" అంది మేక. "తొట్టి లోతు, తొట్టి లోతు అని ఒకటే గొడవ చేసేది."

రెండో శనివారం గిన్నెకోడి వెళ్ళింది. అదీ రాలా. దానికి అక్కడ కుర్చీ వేస్తామన్నారంట. దీనికీ తలలూపారు. గిన్నెకోడికి మొదట్నించీ టెక్కు ఎక్కువేనన్నారు. అట్టా మూడు నెలలు గడిచాయి. వారానికొకళ్ళు భక్తిలో చల్లారిపోతన్నారు. వెళ్ళినోళ్ళ గురించి ప్రతి ఆదివారం ఒక పాట, తర్వాత నాలుగు గుసగుసలు. గింజలు మాత్రం గుట్టలాగా పెరిగాయి. పుంజు వెళ్ళి తొంగి చూసొచ్చి చెప్పేవాడు, "ఒక్క గింజ తగ్గలా! ఎంత నమ్మకస్తుడో చూశారా! మీరైతే ఈపాటికి సగం బొక్కేవాళ్ళు."

నిజమే, గింజలు తగ్గలా. కోళ్ళు తగ్గాయి. ఆ లెక్క ఎవరూ తియ్యలా.

(ఇక్కడికొచ్చేసరికి మీ నాయనమ్మ నవ్వేది. నవ్వి, ఆగి, చీర కొంగు నోటికి పెట్టుకొని మళ్ళీ చెప్పేది.)

ఆ తర్వాత శనివారం దీనమ్మ కూతురు కృపమ్మ వంతు వచ్చింది. కృపమ్మ అప్పుడు ఏడు గుడ్లు పొదుగుతా ఉంది. "అమ్మా, ఇట్టా వెళ్ళి అట్టా వస్తా, కాసేపు నువ్వు కూచో, చల్లారనీకు," అని గింజల దొన్నె ముక్కుకి తగిలించుకొని పోయింది. దీనమ్మ గుడ్ల మీద కూచుంది. పొద్దు వాలింది. కృపమ్మ రాలా.

ఆదివారం నక్క తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. "కృపమ్మ కూడా కాలవ దాటింది సహోదరులారా. అక్కడ పాటలు బాగుంటాయంట."

"గుడ్లొదిలేసి పోయిందా!" అంది ఎస్తేరమ్మ. "ఎంత చల్లారిపోయింది!"

దీనమ్మ లేచింది. "పొదిగే కోడి గుడ్లు వదలదు వదినా. ఇల్లు కాలినా వదలదు. నీకు గుడ్లు లేవు, నీకేం తెలుసు."

"చూడు దీనమ్మా," అన్నాడు పుంజు, "తల్లి మనసు, అర్థం చేసుకోగలం. కానీ పద్ధతి పద్ధతే. సంఘం పుస్తకంలోంచి కృప పేరు కొట్టేస్తన్నాం. రేపు ఆ పిల్లలు పుడితే, పారిపోయినదాని పిల్లలని రాసుకుంటాం."

బిడ్డ పోయింది ఒకెత్తు. పోయిన బిడ్డ మీద ఈ మచ్చ ఒకెత్తు. గుడ్డు పగలకముందే ఏడుగురికీ ఆ పేరు.

"బాధపడబోకమ్మా," అన్నాడు నక్క. "ఒక్క మాట చెప్తా, కృపమ్మ వెళ్ళిపోయినా ఆమె గింజలు మాత్రం మనకి ముట్టాయి. దొన్నెతో సహా లోపలున్నాయి. నేను ఒక్క గింజ అటూ ఇటూ కానివ్వను."

దీనమ్మ తల పక్కకి వంచి ఒక కంటితో చూసింది వాణ్ణి. మళ్ళీ పోయి గుడ్ల మీద కూచుంది. కూచొని ఆలోచించింది. మందిరానికి గింజలు మోసుకొచ్చి పోసి, పోసిన కాళ్ళతోనే మందిరాన్ని వదిలి కాలవ దాటేది ఎవత్తి?

సాయంత్రం గుడ్లకి గడ్డి కప్పి బ్యారను వైపు పోయింది. అక్కడ గాడిద తీతు మేస్తన్నాడు. మందిరానికి ఇటుకలు మోసే పని వాడిది.

"ఒరే తీతూ, శనివారం మా కృపని చూశావేంట్రా?"

"చూశా పిన్నీ. లోపలికెళ్ళింది."

"బయటికి రావటం?"

"చూళ్ళా."

"శాంతమ్మో?"

"వెళ్ళటం చూశా. రావటం చూళ్ళా."

"గిన్నెకోడి?"

"అంతే."

"ఇన్నాళ్ళూ చెప్పవేంరా సచ్చినోడా!"

"నన్నెవరడిగారు పిన్నీ?" అన్నాడు తీతు నములుతా. "గాడిదని పనిలోకి పిలుస్తారు, మాటల్లోకి పిలుస్తారా ఎవరన్నా?"

దీనమ్మ అక్కణ్ణించి తిన్నగా ఓబేదు దగ్గరికి పోయింది. చెప్పింది. ఎద్దు చాలాసేపు నెమరేశాడు.

"నాకు అర్థమయ్యేసరికి ఇంకాస్త టైం పట్టుద్ది దీనమ్మా," అన్నాడు.

"అర్థం కాకపోయినా పర్లేదన్నా. నీకు ప్రార్థన చెప్పటం వచ్చుగా, అది చాలు."

వచ్చే శనివారం మందిరానికి పునాది రాయి పాతటం. ఆ రోజు ప్రేమవిందు బ్యారనులోనే పెడదాం, మన గింజల మధ్యనే తిందాం అని దీనమ్మ అడిగింది. అందరూ సరేనన్నారు. ఎస్తేరమ్మ చెవిలో ఒకటి చెప్పింది, ఎస్తేరమ్మ మేక చెవిలో చెప్పింది, మేక పావురాలకి.

"ప్రార్థనలో కళ్ళు తెరవాలా!" అని గొర్రె గుండె బాదుకుంది. "ఆమెన్ అనకముందే? పాపం కదే!"

"ఆ పాపం నా మీద వేసుకుంటాలే వదినా. నువ్వు కాళ్ళు చప్పుడు కాకుండా నడు, చాలు."

పుంజుకి మాత్రం ఎవరూ చెప్పలా. ఆయన ఆ మధ్యాహ్నం బయట రాయి దగ్గరున్నాడు, గోళ్ళతో తన పేరు చెక్కుకుంటా.

బ్యారను నిండా జనం. మధ్యలో గింజల గుట్ట. గుట్ట పక్కన నక్క, నిగనిగలాడతా, తుండుగుడ్డ సర్దుకుంటా.

దీనమ్మ ముందుకొచ్చింది. "సహోదరుడా, ఒక చిన్న మాట. మూడు నెలలైంది నువ్వు కాపలా కూచొని. కోడి మానేశావు. గింజ ముట్టవు. మరేం తింటన్నావయ్యా?"

నక్క కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత నెమ్మదిగా చేతులు జోడించాడు.

"ఉపవాసం తల్లీ," అన్నాడు.

"స్తోత్రం!" అంది వెనకాల్నించి ఒక పావురం. దానికి ఎవరూ విషయం సరిగ్గా చెప్పలేదనుకుంటా. పక్కది ముక్కుతో ఒకటి పొడిచింది.

"మూడు నెలల ఉపవాసం!" అంది దీనమ్మ. "ఇంత నిగనిగలాడతన్నావంటే దేవుడి కృపే. ఇంతటోడికి మేం ప్రార్థన చెయ్యకపోతే తప్పు. మోకాళ్ళెయ్యి నాయనా. కళ్ళు మూసుకో. ఆమెన్ అనేదాకా తెరవబోకు, సంఘమంతా నిన్నే చూస్తా ఉంటది."

ఇక వాడేం చేస్తాడు? అంత సాక్ష్యం చెప్పినోడు, కళ్ళు తెరిస్తే పరువేముంది? మోకాళ్ళేసి, తల వంచి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఓబేదు మొదలుపెట్టాడు. వానకి కృతజ్ఞత చెప్పాడు, ఎండకి చెప్పాడు, గడ్డికి చెప్పాడు. ఎండుగడ్డికి వేరే చెప్పాడు. మేకలు వెళ్ళిపోయాయి. బర్రెలకి, వాటి పేడకి, ఆ పేడతో అలికిన గోడలకి. గొర్రె వెళ్ళింది. కోళ్ళు వెళ్ళాయి. పావురాలు ఎగిరితే చప్పుడని నడిచి వెళ్ళాయి. దేవుడి ఓర్పు గురించి చెప్తా ఎద్దు ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు. గొంతు మాత్రం తగ్గలా. గుమ్మం దాటి, "మా మధ్యన ఉన్న సమస్తాన్ని నీ చేతికి అప్పజెప్తన్నాం," అన్నాడు. తీతు వెనక్కాళ్ళతో తలుపుకి ఒక్కటిచ్చాడు. పంది రూబేను వీపు ఆనించి నెట్టి పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడటం వాడికి అలవాటేగా. గడియ పడింది, అందులో పుల్ల దోపారు.

"ఆమెన్," అంది దీనమ్మ.

లోపల్నించి కేక, "సహోదరులారా! గాలికి తలుపు పడింది!"

"గాలి కాదయ్యా. మేమే వేశాం."

"నేను ఆకలికి చస్తాను!"

"గుట్టంత గింజలున్నాయిగా. ఒక్క గింజ అటూ ఇటూ కానివ్వనని నువ్వే చెప్పావు."

"నేను గింజ తిననని తెలుసుగా!"

"అయితే ఉపవాసం ఉండు. నీకు అలవాటేగా," అంది దీనమ్మ. తర్వాత తలుపు సందుకి ముక్కు ఆనించి, గొంతు తగ్గించి అడిగింది. "నా కూతురు గింజలు తెచ్చి పోసిందా?"

"పోసింది."

"తర్వాత కాలవ దాటిందా?"

లోపల గోళ్ళు తలుపుని గీకాయి.

"దాటిందా అని అడిగా. చెప్తే తలుపు సంగతి ఆలోచిస్తా."

"దాటలా," అన్నాడు నక్క. "ఎవరూ దాటలా. అసలు అవతల సంఘమే లేదు."

దీనమ్మ వెనక్కి తిరిగింది. "విన్నారా? నా బిడ్డ చల్లారిపోలా. మందిరానికి గింజలు మోసి పోయింది. శాంతమ్మా అంతే. గిన్నెకోడీ అంతే. వాళ్ళ మీద మీరు ఎన్ని పాటలు పాడారు!"

ఎస్తేరమ్మ తల వంచుకొని అంది, "మేం నిజమే అనుకున్నాం వదినా."

"అనుకున్నారు. ఒక్కళ్ళన్నా కాలవ దాకా పోయి చూళ్ళా."

"తలుపు తియ్యి! ఆలోచిస్తానన్నావుగా!" అని లోపల్నించి కేక.

"ఆలోచించా. తియ్యను."

అప్పుడొచ్చాడు పుంజు, ఒళ్ళంతా రాతిపొడి. జరిగింది విని గంతులేశాడు. "సాక్ష్యం చెప్పినోణ్ణి బంధిస్తారా! పక్క ఊళ్ళోళ్ళు ఏమంటారు? రాయి మీద నా పేరు కింద ఆయన పేరు కూడా చెక్కేశా!"

"చెరిపెయ్యి," అన్నాడు ఓబేదు. ఆయనకి అప్పటికి అర్థమయింది. "ఆ రెండూ చెరిపి కృపమ్మ పేరు చెక్కు. తెల్లారాక ఊళ్ళో కుక్కల్ని పిలుద్దాం, మిగతాది అవి చూసుకుంటాయి. ఇక నుంచి ఎవరి గింజలు వాళ్ళ ఇంట్లోనే, ఎవరి కుండలో వాళ్ళే. మందిరానికి నాలుగు వైపులా కిటికీలు పెడదాం. రూబేను లోపల కూచుంటాడు."

తర్వాత అట్టానే కట్టుకున్నారు కూడా. ఏడు గుడ్లలో అయిదు పిల్లలయ్యాయి, దీనమ్మే పెంచింది. పుస్తకంలో కృపమ్మ పేరు మళ్ళీ రాశారు, పెద్ద అక్షరాలతో. కానీ అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ సాయంత్రం మాత్రం పుంజు ఇంటికి పోలా. "ఆవేశంలో ఉన్నారు మీరంతా," అన్నాడు. "నేనొక్కణ్ణే ఒకసారి మాట్లాడి చూస్తా. ఆయన నా మాట వింటాడు. నా వల్లే గదా సంఘంలోకొచ్చింది."

గుడ్ల దగ్గరికి పోబోతా దీనమ్మ ఆగింది. "పెద్దాయనా, కాపలా పెట్టేటప్పుడు వాడు ఏం తినడో అడిగావు. ఏం తింటాడో అడగలా. ఎవణ్ణి నమ్మాలన్నా ముందు అడగాల్సింది అది."

"కోడి బుద్ధులు," అని పుంజు మొహం తిప్పుకున్నాడు.

తెల్లారేసరికి బ్యారను తలుపు తీసుంది. గింజల గుట్ట అట్టానే ఉంది, ఒక్కటీ తగ్గలా. నక్క లేడు. పుంజు లేడు.